చేదు పల్లీ

మా నాయనమ్మ చాటలో పల్లీలు పోసుకుని వసారాలో కూర్చుందంటే ఇంట్లో ఎవరూ ఆమెను కదిపేవాళ్లు కాదు. మఠంపల్లి ఎండ సాయంత్రం నాలుగైతే గానీ దిగదు. అది దిగేలోపు మానెడు గింజలు ఏరాలి. మంచివి గిన్నెలోకి, చెడ్డవి నేల మీదికి. చూపుడు వేలితో ఒక్క తోపు, అంతే. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పొర కింద పచ్చటి బూజు దాచుకున్నవి కంటికంటే ముందు ఆమె వేలికే తెలిసేవి. ఒకసారి ఆమె అటు తిరిగినప్పుడు పిడికెడు ఎత్తి నోట్లో పోసుకున్నాను. నాలుగో గింజో ఐదో గింజో, నాలుక వెనక మంట లాంటి చేదు.

"ఉమ్మెయ్ బిడ్డా, పుచ్చుది గది. నోరు పుక్కిలియ్యి."

ఉమ్మేశాను. నేల మీద పోగైన చెడ్డ గింజల్ని మాత్రం ఆమె పారెయ్యలేదు. దోసిట్లోకి ఎత్తి బర్రె కుడితి తొట్లో పోసింది. తిండి గింజ పారేస్తే పాపమని ఆమె నమ్మకం. ఆ లెక్కలో ఎక్కడో తప్పుందని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అదీ కొన్ని ఎలుకల కథ వెంట పడితే తెలిసింది. ఆ ఎలుకలు నేను పుట్టకముందే, హైదరాబాదులో, తార్నాకలో బతికి చనిపోయాయి.

(కృష్ణకు ఇవతల మేం పల్లీ అంటాం, అవతలి ఒడ్డు వాళ్లు వేరుశనగ అంటారు. ఊరి పేరులోని పల్లికీ దీనికీ చుట్టరికం లేదు.)

కథ మొదలైంది మాత్రం ఇంగ్లండులో. 1960లో అక్కడి పెంపకందారుల షెడ్లలో టర్కీ కోడిపిల్లలు కుప్పలుగా రాలిపోయాయి. లెక్క తేలేసరికి లక్ష దాటింది. ఏ సూక్ష్మజీవీ దొరకలేదు. రోగానికి పేరు కూడా తోచక 'టర్కీ ఎక్స్' అన్నారు. చివరికి దాణా దగ్గర పట్టుకున్నారు. బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చిన పల్లి చెక్కకు బూజు పట్టింది. ఆ బూజు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది వదిలిన విషానికి దాని పేరులోంచే ముక్కలు తెచ్చి అఫ్లటాక్సిన్ అని పెట్టారు. అతినీల కాంతి కింద పెడితే కొంత నీలంగా, కొంత ఆకుపచ్చగా మెరిసింది. అందుకే వాటికి బి, జి అని పేర్లు పడ్డాయి. అన్నిటిలోకి క్రూరమైనది బి1.

కోడిపిల్లలు చావడం ఒక ఎత్తు. ఆ చెక్కనే నెలల తరబడి ఎలుకలకు పెట్టి చూసినవాళ్లకు 1961లో ఇంకొకటి కనిపించింది. ఎలుకలు వెంటనే చావలేదు. తిన్నాయి, పెరిగాయి, ఆ తర్వాత వాటి కాలేయంలో కణితులు లేచాయి. తిండిలో పుట్టిన ఒక బూజు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచానికి మొదట గట్టిగా చెప్పింది ఆ ఎలుకలే.

ఈ వార్త చదివి హైదరాబాదులో కొందరికి గుండె గుభేలుమని ఉంటుంది. ఎందుకో చెప్పాలంటే తార్నాక సంగతి కొంచెం చెప్పాలి.

ఇవాళ జాతీయ పోషకాహార సంస్థ అని మనం పిలిచే చోటుకు అప్పటి పేరు న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్. 1918లో నీలగిరి కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక్క గదిలో, బెరిబెరి మీద పరిశోధనకని రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైన్యపు డాక్టరు దాన్ని మొదలుపెట్టాడు. 1958లో అది హైదరాబాదుకు తరలి వచ్చింది. పుస్తకాలు, త్రాసులు వచ్చినట్టే తెల్ల ఎలుకల వంశం కూడా కొండ దిగి వచ్చింది. విస్టార్ జాతి ఎలుకలు అవి. బయటి సంబంధాలు కలపకుండా తరాల తరబడి పెంచుకొచ్చిన కుటుంబం. 1969లో సంస్థ పేరు మారింది. ఎలుకల వంశం మాత్రం అదే.

అప్పట్లో అక్కడి డాక్టర్లను పట్టి పీడించిన సమస్య ఎలుకలది కాదు, పిల్లలది. కాళ్లు ఉబ్బి, జుట్టు ఎర్రబారి, చర్మం పొరలు లేచి, మంచం మీద కదలకుండా ఏడ్చే పిల్లలు. పొట్ట ఉబ్బితే ఊళ్లో బలిసిందనుకునేవాళ్లు. అది క్వాషియోర్కర్, మాంసకృత్తులు అందని జబ్బు. పాలు, గుడ్లు కొనే స్తోమత లేని ఇంట్లో మాంసకృత్తులు ఎక్కడి నుంచి తేవాలి? దేశమంతటికీ ఒకే జవాబు కనిపించింది: పల్లి చెక్క. నూనె పిండేశాక మిగిలే ఆ చెక్కలో దాదాపు సగం మాంసకృత్తులే. చవక. గానుగల దగ్గర గుట్టలుగా పడి ఉంటుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ 75 పాళ్లు పల్లి పిండి, 25 పాళ్లు సెనగపిండి కలిపి 'బహుళార్థ ఆహారం' తయారు చేసింది కూడా.

సరిగ్గా ఆ వేళకే ఇంగ్లండు నుంచి కబురు, పల్లి చెక్కలో విషం ఉండొచ్చని. అంటే ఆకలితో చిక్కిపోయిన బిడ్డ నోటికి మనం అందిస్తున్న చెంచాలో ఏముంది? బాగా తిన్న కాలేయం తట్టుకునే విషాన్ని తిండిలేని కాలేయం తట్టుకుంటుందా? తార్నాక వాళ్ల ప్రశ్న ఇది. ఇంగ్లండు వాళ్లకు ఈ ప్రశ్న రాదు. అక్కడి కోడిపిల్లలు ఆకలితో లేవు.

ఆ గది నేను చూడలేదు. ఎలుకల ప్రయోగం ఎలా సాగుతుందో తెలిసినవాళ్లను అడిగి, ఒక పొద్దును ఇలా పేర్చుకున్నాను. తెల్లవారుతూనే తలుపు తీస్తే ముక్కుకు తగిలేది అమ్మోనియా వాసన, దాని వెనకే వరిపొట్టు వాసన. వరసల మీద వరసలుగా పంజరాలు. ప్రతి పంజరం మీద ఒక చీటీ. ఒంటి మీద పసుపు చుక్కలు, ఒకదానికి తల మీద, ఇంకొకదానికి వీపు మీద, వేరొకదానికి తోక మొదట్లో. గుర్తు పట్టడానికి అవే గతి, ఆ ఎలుకలకు పేర్లు లేవు. రెండు డబ్బాల్లో రెండు పిండ్లు. చూడటానికి రెండూ తెల్లగానే ఉంటాయి. ఒకదాంట్లో నూటికి 20 పాళ్లు మాంసకృత్తులు, ఇంకొకదాంట్లో 5. ఆ మాంసకృత్తి పాల నుంచి తీసిన కేసీన్. మిగతాది పిండిపదార్థం, కాస్త నూనె, లవణాలు, విటమిన్లు. ఎలుకను తోక మొదట్లో పట్టుకుని త్రాసు గిన్నెలో దింపుతారు. అది గిన్నె అంచు మీద ముందుకాళ్లు ఆనించి మీసాలు ఆడిస్తుంది. ముల్లు నిలిచేదాకా ఆగి బరువు రాసుకుంటారు. ఆ తర్వాత కొలిచిన మోతాదులో విషం.

టి.వి. మాధవన్ కణజాలాలు చూసే పాథాలజిస్టు. సి. గోపాలన్ సంస్థ డైరెక్టరు. దేశంలో పోషకాహార శాస్త్రానికి పెద్దదిక్కుగా తర్వాత పేరు పొందినవాడు. ఈ ఇద్దరి పేర్లతో 1965లో మొదటి వ్యాసం వచ్చింది. అనుకున్నదే జరిగింది. మాంసకృత్తులు తక్కువ తిన్న ఎలుకపిల్లల కాలేయమే ఎక్కువ దెబ్బతింది. కడుపునిండా తిన్నవి తట్టుకున్నాయి. అదే కాలంలో అదే సంస్థలో కోతులతో చేసిన ప్రయోగాలూ ఈ దారినే నడిచాయి. బక్కచిక్కిన బిడ్డకు బూజు పట్టిన పల్లి పిండి రెట్టింపు ప్రమాదమన్నమాట. ఇక్కడితో ఆగినా గొప్ప పనే.

వాళ్లు ఆగలేదు. ఈసారి నెలల తరబడి పెంచి చూశారు. 1968లో రెండో వ్యాసం వచ్చింది. అది చదివినవాడెవడైనా మొదట అచ్చుతప్పు అనుకుంటాడు. 5 పాళ్ల ఎలుకల్లో చాలామటుకు దారిలోనే చనిపోయాయి. ఏడాది దాటి బతికి బట్టకట్టిన వాటి కాలేయం కోసి చూస్తే క్యాన్సర్ లేదు. 20 పాళ్లు తిన్న ఎలుకలు బాగా బతికాయి, బాగా బరువెక్కాయి. వాటి కాలేయాల్లో మాత్రం కణితులు, కణితులకు ముందు వచ్చే మార్పులు.

ఒకే విషం, ఒకే వంశం, ఒకే గది. తిండి మారితే చావు రూపం మారింది. తిండి లేనిది విషానికి పోయింది, తిండి ఉన్నది బతికి క్యాన్సర్‌కు చిక్కింది.

కారణం ఆ తర్వాత దశాబ్దాల్లో తేలింది. అఫ్లటాక్సిన్ తినేటప్పుడు మొండి కత్తి. దానికి సాన పట్టేది మన కాలేయమే. అందులోని కొన్ని ఎంజైములు ఆ విషాన్ని బయటికి పంపే ప్రయత్నంలో దాన్ని ఇంకా పదునైన రూపంలోకి మారుస్తాయి. ఆ రూపం కణంలోని డీఎన్‌ఏకు అంటుకుంటుంది. మాంసకృత్తులు సరిగా అందని కాలేయంలో ఆ ఎంజైములు మందగిస్తాయి. అందుకే క్యాన్సర్ తగ్గింది. అయితే దెబ్బతిన్న కాలేయాన్ని తిరిగి కట్టుకునే సత్తువా దానికి ఉండదు. అందుకే ముందే చచ్చింది.

ఈ రెండు వ్యాసాల్లో రెండోదే సముద్రం దాటి పేరు తెచ్చుకుంది. టి. కాలిన్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు అప్పట్లో ఫిలిప్పీన్స్‌లో పిల్లల పోషకాహార పథకంలో పని చేస్తున్నాడు. అక్కడా పల్లీలే, అక్కడా బూజే. కలిగిన ఇళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ కనిపిస్తోందన్న మాట అతని చెవిన పడింది. అదే సమయంలో హైదరాబాదు వ్యాసం చేతికొచ్చింది. అక్కడి నుంచి అతని పరిశోధన దారి మళ్లింది. ఎలుకలతో ఏళ్లకేళ్లు అదే ప్రశ్న తిరగేసి, 2005లో కొడుకుతో కలిసి 'ది చైనా స్టడీ' రాశాడు. పాలు, మాంసం మానమని చెప్పే ఆ పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడైంది. ఆ వాదానికి తొలి నిప్పురవ్వ తార్నాక పంజరాల్లోది. ఉస్మానియా పక్కన పుట్టిన ఎలుక న్యూయార్కులో పాలు తాగాలా వద్దా అన్న తగవుకు సాక్షి అయింది.

పుస్తకాన్ని నమ్మినవాళ్లు 20 పాళ్ల ఎలుక కణితినే చూపిస్తారు. 5 పాళ్ల ఎలుకలు దారిలోనే రాలిపోయిన మాట విమర్శకులు గుర్తుచేస్తే గానీ బయటికి రాదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మాంసకృత్తులు తగ్గిస్తే మంచిదని చెప్పడానికి ఆ ప్రయోగం చేయలేదు. అందని పిల్లల కోసం చేశారు. ఆ పిల్లల మంచాల పక్కన నిలబడి చూసిన మనుషులు చేసిన పని అది. విషం తినని వాళ్ల వంటింటికి ఆ ఎలుకను తీసుకెళ్లి సలహా అడగడం న్యాయం కాదు. ఎలుక అడిగినదానికే చెబుతుంది, అడగనిదానికి చెప్పదు.

ఏ ఎలుకను అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. పెద్ద తెల్ల ఎలుకకు బదులు ఆ రోజుల్లో అందరూ చిట్టెలుకలను ఎంచుకుని ఉంటే? చిట్టెలుకకు అఫ్లటాక్సిన్ దాదాపు పట్టదు. పదునెక్కిన ఆ విషాన్ని పట్టి కడిగి బయటికి పంపే ఎంజైము దాని కాలేయంలో దండిగా ఉంటుంది. చిట్టెలుక మాటే నమ్మితే బూజు పల్లీ నిక్షేపంగా తినొచ్చని తేల్చేసేవాళ్లు. దాయాదులే, ఒకే ఇంటి వాసాలే, అయినా ఒకటి చచ్చేది, ఇంకొకటి చావనిది. మనిషి ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉన్నాడు.

ఇంకోటి, ఎలుకకు అసలు తెలియని సంగతి. హెపటైటిస్ బి వైరస్ మనిషికి పడుతుంది, ఆ ఎలుకకు పట్టదు. షాంఘైలో 18 వేలకు పైగా మగవాళ్ల మూత్రం నమూనాలు దాచిపెట్టి, ఏళ్ల తర్వాత ఎవరికి కాలేయ క్యాన్సర్ వచ్చిందో సరిచూస్తే, 1992లో తేలింది. ఒంట్లో ఆ వైరసూ, తిండిలో ఈ విషమూ కలిసిన మనిషికి ముప్పు రెండూ కూడినంత కాదు, హెచ్చవేసినంత. ఎన్ని పంజరాలు పెట్టినా ఈ మాట తార్నాకలో దొరికేది కాదు.

మనుషులే సాక్షులైన రోజులూ వచ్చాయి. మైసూరులో పోషకాహార లోపంతో ఉన్న పిల్లలకు మంచికని పెట్టిన పల్లి పిండిలో అఫ్లటాక్సిన్ ఉందని, కొందరి కాలేయాలు గట్టిపడ్డాయని 1971లో అక్కడి డాక్టర్లే రాశారు. 1974 చివర్లో రాజస్థాన్ బాన్స్‌వాడా, గుజరాత్ పంచమహల్ జిల్లాల గిరిజన పల్లెల్లో కామెర్లు కమ్ముకున్నాయి. పొట్టల్లో నీరు చేరింది. తార్నాక నుంచి కృష్ణమాచారి, రమేశ్ భట్ బృందం వెళ్లింది. ఇళ్లలో తడిసి బూజుపట్టిన మక్కలు. కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా విషం. 397 మంది మంచాన పడితే 106 మంది చనిపోయారు. ఆ ఇళ్ల కుక్కలకూ పొట్టలు ఉబ్బాయి. యజమాని తినేదే అవీ తిన్నాయి.

తార్నాక ఎలుకల వంశం ఆ తర్వాత ఇంకో వింత చేసింది. ఆ గుంపులోంచే పుట్టుకతో లావెక్కే ఎలుకలు బయటపడ్డాయి. ఎన్.వి. గిరిధరన్ బృందం 1996లో వాటి గురించి రాసింది. ఊబకాయం, మధుమేహం మీద పరిశోధనలకు ఇప్పుడు అవి పనికొస్తున్నాయి. ఆకలి జబ్బుల కోసం తెచ్చుకున్న వంశం తిండి ఎక్కువైన జబ్బులకు నమూనా అయింది. దాని మీద వేరే వ్యాసమే రాయొచ్చు.

ఎలుకలను చంపి నేర్చుకోవడం తప్పా ఒప్పా అని అడిగేవాళ్లకు నా దగ్గర తేలిక జవాబు లేదు. దేశంలో జంతు ప్రయోగం చేయాలంటే ఇవాళ కమిటీ అనుమతి కావాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు, అన్నీ రాసివ్వాలి. సౌందర్య సాధనాల కోసం జంతువుల మీద పరీక్షలను 2014లోనే నిషేధించారు. మందుల పరీక్షల్లో జంతువుకు బదులు కణజాలాలు, కంప్యూటర్ నమూనాలు వాడొచ్చని 2023లో నిబంధనలు సవరించారు. మంచిదే. కానీ 1965లో పల్లి పిండి కలిపిన జావ గిన్నె పట్టుకుని నిలబడ్డ డాక్టరుకు ఇంకో దారి ఉందని నేను అనలేను. ఆ ఎలుక మీద పెట్టకపోతే తేలేది ఆ బిడ్డ మీదే. మైసూరులో తేలినట్టు.

మఠంపల్లి వైపు ఇవాళ పల్లీ కంటే మిర్చి కళ్లాలే ఎక్కువ మాట్లాడిస్తాయి. మిర్చికీ ఇదే బూజు పడుతుంది. నేల మీద ఆరబోసిన కాయ మీద మాఘంలో ఒక్క వాన పడితే చాలు, రైతు పట్టాల కోసం పరిగెత్తుతాడు. పైకి ఎండినట్టు కనిపించిన కాయలో తొడిమ దగ్గర తేమ ఉండిపోతుంది. యూరప్ వాళ్లు అఫ్లటాక్సిన్ లెక్క చూసి సరుకు వెనక్కి కొట్టినప్పుడల్లా ఆ ధర ఇక్కడి కళ్లం దాకా దిగి వస్తుంది. తినడానికి సిద్ధమైన పల్లీకి వాళ్ల హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములు. మన దేశంలో ఆ హద్దు చాలాకాలం 30గా ఉండేది, తర్వాత తగ్గించారు. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే ఒక్కటి మైక్రోగ్రాము. కంటికి కనిపించదు, ముక్కుకు తెలియదు. చేదు కూడా ప్రతి గింజకూ ఉండదు. బూజు కనిపించని గింజలోనూ విషం ఉండొచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు చవగ్గా పరీక్షించే పద్ధతి ఒకటి తయారు చేశారు. దాన్ని ప్రతి మార్కెట్ యార్డులో తేమ మీటరు పక్కన పెట్టేదాకా మనకున్న పరికరం నాయనమ్మ చూపుడు వేలే. అది చిన్న పరికరమేమీ కాదు. పల్లీలు ఏరడం వల్లనే విషంలో పెద్ద వాటా పోతుంది, ఎందుకంటే అది అన్ని గింజల్లో సమంగా ఉండదు, కొన్ని గింజల్లోనే ముద్దగా చేరుతుంది.

తప్పు ఆమె ఏరడంలో లేదు. ఏరినదాన్ని వేసిన చోట ఉంది. 1963లోనే ఇంగ్లండులో తేలింది. విషమున్న పల్లి చెక్క తిన్న ఆవుల పాలలో విషం బయటపడింది. బాతుపిల్లలకు పట్టి చూసి పోల్చుకున్నారు. పాలలో దిగేది కనుక దానికి ఎం1 అని పేరు. తిన్నదాంట్లో నూటికి ఒకటి రెండు పాళ్లు అలా పొదుగులోకి చేరతాయి. కాచినా పోదు, తోడుపెట్టినా పోదు. పాలలో మన చట్టం ఒప్పుకునేది కిలోకు అర మైక్రోగ్రామే.

మీ ఇంట్లో ఇంకా ఎవరైనా చాటలో గింజలు ఏరుతుంటే, ఆ పక్కకు తోసిన పోగును కుడితి తొట్లో వెయ్యనివ్వకండి. కోళ్లకూ వద్దు. గానుగకు పోసే బస్తాలో అంతకన్నా వద్దు. ఊరవతల గుంట తీసి పూడ్చండి.